మూకుళ్ళ మీద గురి

ఒరే సూరిగా,

భూముల కోసం పోరాడేవోళ్ళతో నువ్వు కొండల్లోకెల్లిపోయి ఇయ్యాల్టికి ఏడాది. ఈ ఉత్తరం నీకు సేరదని తెలుసు. అయినా రాస్తన్నాను.

మీవోళ్ళు ఊరి మీదకొస్తారన్న బయంతో మా మావ రెండు గొట్టాల తుపాకీ కొన్నాడు. పేల్సడం నన్ను నేర్సుకోమన్నాడు. ఇల్లరికం వచ్చినోణ్ణి, కాదంటే ఎక్కడికెల్తాను? రోజూ పొద్దున్నే కల్లంలో నిలబెడతన్నాడు. మట్టి మూకుళ్ళు సేసేదీ, వాటిని గాల్లోకి ఇసిరేదీ మీ అయ్యే. ఆయన్నీ మావ కాదననివ్వనేదు.

పది రోజులు ఒక్కటీ తగల్నేదు. నాను సరిగ్గా మూకుడు మీదే గురిపెట్టేవోణ్ణి, గుళ్ళు దాని ఎనకాల నుంచి పోయేవి.

"అది ఉన్న సోటు కాదల్లుడూ, ఎల్లబోయే సోటు సూడు. రెండు మూరలు ముందుకి పేల్సు" అన్నాడు మావ.

ఇయ్యాల అలాగే పేల్సినాను. మూకుడు గాల్లోనే పిండైపోనాది. మావ నా భుజం తట్టినాడు. మీ అయ్య మాత్రం కిందపడ్డ పెంకుల్ని సానాసేపు సూసినాడు.

ఆ తరవాత ఇసిరినవన్నీ సగం దూరం తిన్నగా ఎల్లి పక్కకి మల్లిపోనాయి. ఒక్కటీ తగల్నేదు.

"ఏటిరా ఇది?" అని మావ అరిస్తే, "గాలి, బాబూ" అన్నాడు మీ అయ్య.

అప్పుడు ఆకు కూడా కదల్నేదురా.

రేపు మల్లీ నన్ను నిలబెడతాడు. నువ్వెప్పుడైనా మా కల్లం మీంచి రావలసొస్తే, తిన్నగా మాత్రం పరిగెత్తకు.