తెల్లపొడి మీద తిరుగుబాటు

క్రిస్టియన్‌సాన్, 3 ఫిబ్రవరి 1995

ఓస్మున్ పెదనాన్నకు, కోపంగానే నమస్కారాలు.

మన స్కార్‌వాట్న్ సరస్సును పాడుచేసింది మీరూ, మీ చేపల సంఘమూ. నా చిన్నప్పుడు పది మీటర్ల లోతున గులకరాయి కనబడేది. నిరుడు ఈతకు దిగితే నా మోకాళ్ళు నాకే కనబడలేదు. నీళ్ళు టీ రంగు, గట్టంతా నాచు, ఒళ్ళంతా దోమకాట్లు. హెలికాప్టర్‌తో చల్లిస్తున్న ఆ తెల్లపొడి ఏమిటి? స్వచ్ఛమైన నీటికి అడుగు కనబడాలని నేను పంచుతున్న కరపత్రంలో స్పష్టంగా ఉంది.

మీ తమ్ముడి కొడుకు,
హల్వోర్

తా.క. అమ్మ అల్లిన మేజోళ్ళు పంపుతున్నాను. అది వేరే విషయం.

10 ఫిబ్రవరి

ఒరే హల్వోర్,

అది సున్నపురాయి పొడిరా. దోమలు కుట్టాయా, చాలా సంతోషం. ఈస్టర్‌కి రా, అన్నీ చూపిస్తాను.

పెదనాన్న

తా.క. కరపత్రం రాసినాయన ఎప్పుడైనా గాలం వేశాడేమో కనుక్కో.

24 ఫిబ్రవరి

చేపల సంఘం అధ్యక్షులవారికి,

జనాన్ని దోమలు కుడితే సంతోషించే మనిషితో ఇక మాటల్లేవు. నలభై మూడు సంతకాలు పోగుచేశాను. పురపాలకులు హెలికాప్టర్‌ను ఆపేశారు.

హల్వోర్

తా.క. ముప్ఫై ఏడో సంతకం పెద్దమ్మది.

2 మార్చి

హల్వోర్‌కు,

మీ పెద్దమ్మ సంగతి నేను చూసుకుంటాను. నువ్విది చదువు. పరాయి దేశాల పొగగొట్టాల పొగ మన మీద వానై, మంచై కురిసింది. ఆ ఆమ్లానికి నీళ్ళు పులిసి ముందు చేపలు చచ్చాయి, ఆపైన నాచూ, పురుగులూ పోయాయి. ఏ ప్రాణీ లేని నీళ్ళలో అడుగు కనబడక ఏమవుతుంది? నువ్వు పుట్టేసరికే అది అలా ఉంది, అదే సరస్సనుకున్నావు. ఇప్పుడు దోమలూ నాచూ వచ్చాయంటే నీళ్ళు మళ్ళీ బతుకుతున్నట్టే. ఎనిమిదేళ్ళు సున్నం చల్లి ఆ పులుపు విరిచాక మొన్న శరదృతువులో ట్రౌట్ చేపలు మొదటిసారి వాటంతటవే గుడ్లు పెట్టాయి. ఏప్రిల్‌లో మంచు కరిగితే చలికాలమంతటి ఆమ్లం ఒక్కసారే దిగుతుంది. ఈలోగా గడ్డకట్టిన సరస్సు మీద సున్నం పడకపోతే ఆ గుడ్లలోంచి వచ్చే పిల్లలు బతకవు. హెలికాప్టర్ మళ్ళీ మే దాకా దొరకదట. బస్తాలు రోడ్డు చివర ఉన్నాయి, సరస్సు మూడు కిలోమీటర్లు. నాకు డెబ్భై ఒకటి.

పెదనాన్న

తా.క. చేపపిల్లలకు సంతకం రాదు, లేకపోతే వాటివీ పంపేవాణ్ణి.

7 మార్చి

పెదనాన్నకు,

రెండు రోజులు మీ మీద కోపం తెచ్చుకోవాలని చూశాను, కుదరలేదు. ఆ నలభై ముగ్గురికీ కొత్త కరపత్రం పంపాను. అడుగున చూడండి.

హల్వోర్

తా.క. పెద్దమ్మ ఫోన్ చేసింది. ఆవిడ పోరాటం పొడితో కాదట. హెలికాప్టర్ చప్పుడుకు మేకలు పాలివ్వడం లేదట.

మిత్రులారా,

హెలికాప్టర్‌ను ఆపించి సరస్సుకు అన్యాయం చేసింది నేనే. కనుక సున్నం బస్తాలను సరస్సు దాకా లాగి చల్లడానికి దుగ్నాద్‌కు పిలుస్తున్నాను. ఊరంతా కలిసి కూలి లేకుండా చేసే పనికి పిలిస్తే రానన్నవాళ్ళు మన దగ్గర లేరు. పిలిచినవాడే అందరికీ వాఫుల్ అట్లు కాల్చాలి గనుక కాలుస్తాను, మాడితే మాడినవే తినాలి. స్కీలు, స్లెడ్జీలు తెచ్చుకోండి. మార్చి 18, శనివారం, ఉదయం ఏడు గంటలకు, రోడ్డు చివర బస్తాల దగ్గర.