తొమ్మిది నొక్కితే

అక్కా,

నేను కులాసా. ఫోన్ ఎత్తడం లేదని కంగారుపడకు. గొంతు పాడైంది, నెల్లాళ్లు నోరు మెదపొద్దన్నాడు డాక్టరు. మెసేజి పెడితే సగం చదివి ఊకొడతావు, అందుకే ఈ కార్డు ముక్క.

నిన్న మధ్యాహ్నం వాషింగ్ మెషీన్ మొరాయిస్తే, అలవాటు కొద్దీ కంపెనీకి ఫోన్ చేశాను. ఎత్తింది నేనే! పోయినేడు వాళ్ల కోసం స్టూడియోలో చదివి రికార్డు చేయించి, మరిచిపోయిన మాటలు. ఒకటి నొక్కమన్నాను, నొక్కాను. "మీ కాల్ మాకెంతో ముఖ్యం, దయచేసి లైనులో ఉండండి" అని ఎంత ఆప్యాయంగా అన్నానో! సరేనని కిటికీ పక్కన కూర్చున్నాను. కాసేపు సన్నటి సంగీతం, మళ్లీ నేను. ఎండ మోకాళ్ల మీదికి వచ్చింది. ఎవరో జోకొడుతున్నట్టు కళ్లు మూతలు పడ్డాయి. ఇంతలో ఎవరో అబ్బాయి లైన్లోకొచ్చి "హలో మేడం, వినబడుతోందా?" అన్నాడు. వినబడుతూనే ఉంది, చెప్పడానికే గొంతు లేదు. పెట్టేసి, బట్టలు చేత్తోనే పిండుకున్నాను.

నా ఊలు శాలువా పంపు. మీ మిక్సీ బాగయిందా? బావగారి నడుంనొప్పి ఎలా ఉంది? ఆయనకు నా నమస్కారాలు.

"పిన్నికి నా మీద కోపమా?" అని పాప అన్నం మానేసి అడుగుతోందని మెసేజి పెట్టావు. కంపెనీ నంబరు కార్డు అంచున రాశాను. కలిపి, దాని చెవి దగ్గర పెట్టు. తొమ్మిది నొక్కితే మళ్లీ మొదటి నుంచి చెబుతాను. ఎన్నిసార్లు నొక్కినా విసుక్కోనని చెప్పు.

నీ చెల్లెలు