మైకు స్టాండు మీద బల్లి

మార్చి 2

ఇందుమూలంగా ఈ ఇంట్లో కాపురముండే సకల జీవులకూ, చీమలతో సహా, తెలియజేయడమేమనగా: నేటి నుంచి నా బేస్ గిటారు జుయ్‌మంటోంది. ఈ పాపంలో నాకు పిసరంత భాగం కూడా లేదు. నమ్మినవారు పుణ్యాత్ములు. నమ్మనివారు మా ఆవిడ, మా బావమరిది.

బావమరిది మా బ్యాండుకు లీడరు. డ్రమ్స్ వాయిస్తాడు. ప్రోగ్రాం జరగబోయే కొత్త హాల్లో రిహార్సల్ మొదలుపెట్టామో లేదో, నా యాంప్‌లోంచి తేనెతుట్టె కదిలినట్టు ఒకటే రొద. కర్రలు కింద పెట్టి, ఈసారి లోపల ఏం పెట్టావు బావా, తుమ్మెదనా అన్నాడు. ఏమీ పెట్టలేదురా అంటే, ఆ మొహం చూడు, కళ్లు మూసుకుని పాలు తాగే పిల్లి అని పాట ఆపి మా ఆవిడ అందుకుంది.

నిజం చెప్పడం ఇంత కష్టమని ఈ వయసులో తెలిసింది.

మార్చి 4

కేబుల్ మార్చాను. జుయ్. తీగలు మార్చాను. జుయ్. బూతులు తిట్టాను. కాసేపు ఊరుకుని, మళ్లీ జుయ్.

మార్చి 5

గిటారును మెకానిక్ దగ్గరికి మోసుకెళ్లాను. చేతిలో ఎప్పుడూ సోల్డరింగు కడ్డీ కాలుతూ ఉంటుంది కాబట్టి అందరూ వాణ్ని సోల్డరు అంటారు. వాడి నోరూ ఎప్పుడూ కాలుతూనే ఉంటుంది. మూత విప్పాడు, ఊదాడు, తిట్టాడు, వాయించమన్నాడు. జుయ్ కిక్కురుమనలేదు. ఇంటికొచ్చి వాయించాను. కిక్కురుమనలేదు.

జబ్బు గిటారుకు కాదు, హాలుకు అన్నాడు సోల్డరు. అక్కడ ఎర్త్ సరిగా ఉండి ఉండదట. యాంపూ మైకూ ఒకే బోర్డు మీద ఉన్నాయి కాబట్టి రెండింటి ఇనుములోకీ కరెంటు రావచ్చట. ఆ జుయ్ నిన్ను పిలుస్తోందిరా, పైకి అని పళ్లికిలించాడు. ఆ జోకు నాకు నచ్చలేదు. ఇన్నేళ్లుగా నా ఎదుటివాళ్లకు ఎలా ఉంటోందో ఇప్పుడు అర్థమైంది.

మార్చి 6

హాల్లో వాయిస్తూ మోచెయ్యి కిటికీ ఊచకు ఆనించాను. వంద ఎర్రచీమలు ఒకేసారి కుట్టినట్టయింది. చెయ్యి తీగల మీంచి ఎగిరిపోయింది. ఊచకు పెయింటు మందంగా ఉంది, నా కాళ్లకు రబ్బరు చెప్పులున్నాయి. అందుకే ఈ డైరీ రాస్తున్నాను.

మా ఆవిడ చెప్పులు విప్పి పాడుతుంది. పైగా పై స్థాయికి వెళ్లేటప్పుడు ఎడం చేత్తో ఏదో ఒకటి గట్టిగా పట్టుకోకపోతే ఆమెకు గొంతు పలకదు. రిహార్సల్లో ప్లాస్టిక్ కుర్చీ పట్టుకుంటోంది. ప్రోగ్రాం రోజు స్టేజీ మీద కుర్చీ ఉండదు. ఇనప రెయిలింగు ఉంటుంది, రెండో చేతిలో మైకు ఉంటుంది.

మార్చి 6, సాయంత్రం

చెప్పాను. నవ్వారు.

వాళ్లను అనడానికి లేదు. పోయినేడాది ఇలాగే మైకు పట్టుకుని గిలగిలా కొట్టుకుని పడిపోయాను. బావమరిది చెక్కబల్లతో నన్ను మైకు నుంచి విడగొట్టాడు. ఆవిడ గొల్లుమంది. అప్పుడు ఒక కన్ను తెరిచి, టీ ఉందా అని అడిగాను. ఆ సినిమా చూసేశాం, రెండో ఆట వద్దు బావా అన్నాడు వాడు ఇవాళ.

ఆవిడ మాత్రం నవ్వలేదు. గొంతు ఆపరేషన్ అయ్యాక మొదటిసారి స్టేజీ ఎక్కుతున్నాను, ఆ ఒక్కరోజైనా నన్ను వదిలెయ్యండి అంది.

మార్చి 8

సోల్డరుతో చెప్పిస్తానంటే, వాడూ నీ జట్టేగా అన్నాడు బావమరిది. హాలు మేనేజరుకు చెబితే, ఇన్ని ఫంక్షన్లు జరిగాయి, ఒక్కడూ పోలేదు అన్నాడు. అదేదో బిరుదైనట్టు.

మార్చి 9

అక్షరాలు కోడి గీకినట్టున్నాయి.

హాలు నిండింది. స్టేజీ అప్పుడే తడిగుడ్డతో తుడిచారు. మైకు ప్లగ్గు పీకాను. బావమరిది మళ్లీ పెట్టాడు. మళ్లీ పీకాను. ఈసారి పెట్టి, అక్క ముఖం చూసైనా సిగ్గు తెచ్చుకో బావా అని, కీబోర్డు ఆయన్ను అక్కడ కాపలా నిలబెట్టాడు.

ఆవిడ చెప్పులు విప్పింది. ఎడం చెయ్యి రెయిలింగు మీద వేసింది. కుడిచెయ్యి మైకు వైపు చాచింది.

అప్పుడు కనిపించింది. స్టాండు మెడ మీద, మైకుకు సరిగ్గా కింద, బల్లి.

బల్లి అని అరిచాను.

మా ఆవిడకు పామంటే లెక్కలేదు, అత్తగారంటే అసలే లేదు. బల్లి అంటే మాత్రం పైప్రాణాలు పైనే పోతాయి. పెళ్లయిన కొత్తలో రబ్బరు బల్లితో ఆటపట్టిస్తే స్పృహ తప్పింది. ఇక బల్లి విషయంలో జన్మలో అబద్ధమాడనని ఆరోజు ఒట్టేశాను. నా జీవితంలో నిలబెట్టుకున్న ఒట్టు అదొక్కటే. అది ఆమెకూ తెలుసు.

కెవ్వుమని వెనక్కి గెంతింది. మోచెయ్యి తగిలి స్టాండు ఒరిగింది. మైకు వెళ్లి రెయిలింగు మీద పడింది.

ఫాట్‌మంది. నీలం మంట. తర్వాత హాలంతా చీకటి, కాలిన వాసన. ఎవరిదో గుండె దడదడమంటూ వినిపించింది. నాదే.

ఎవరో టార్చి వేశారు. రెయిలింగు మీద ఆమె చెయ్యి ఉన్న చోట నల్లటి మచ్చ. బావమరిది కూలబడ్డాడు. బావా అన్నాడు. ఆవిడ ఆ మచ్చను, తన అరచేతిని, మచ్చను, అరచేతిని, అలా చూస్తూనే ఉంది.

నేను జోకు వేద్దామని నోరు తెరిచాను. రాలేదు.

మార్చి 11

బోర్డులో ఎర్త్ వైరు ఉండాల్సిన చోట ఎవడో కరెంటు వైరు బిగించాడట. ఎలక్ట్రీషియన్ సరిచేశాడు. గిటారు తీసుకెళ్లి వాయించాను. జుయ్ లేదు. ఏదో వెలితిగా ఉంది.

ప్రోగ్రాం ఆదివారానికి మార్చారు. ఆవిడ ఇంట్లో సాధన చేస్తోంది. పై స్థాయికి చెక్కతలుపు పట్టుకుంటోంది.

మార్చి 14

వంటింటి గోడ మీద బల్లి కనబడితే చీపురు తీశాను. దాని మీద చెయ్యి వేస్తే మీ చెయ్యి విరిచేస్తాను అంది ఆవిడ. ఆ జాతికి నేను రుణపడి ఉన్నాను అంది. గుమ్మం దాటి లోపలికి మాత్రం రాలేదు, అక్కడి నుంచే దానికేసి చూసింది.

ఎన్ని కోతిపనులు చేసినా బల్లి విషయంలో మాత్రం మీరు మాట తప్పరు, నాకు తెలుసు అంటూ నా చొక్కా కాలరు సర్దింది.

తల ఊపాను.

మార్చి 15

ఆ రోజు స్టాండు మీద బల్లి లేదు.