పిల్లలకోడి వెనక వేటగాడు

జనవరి 12, 2023
సాయంత్రం డాబా మీద ఆరేసిన దుప్పట్లు తీస్తుంటే సరోజ ఆకాశంలోకి చూపించింది. "పిన్నీ, ఆ చుక్కల గుత్తి చూడు." మా ఊళ్ళో అది పిల్లలకోడి. గ్రీకుల కథలో ఏడుగురు అక్కచెల్లెళ్ళట, ఆకాశం మోసే అట్లాస్ కూతుళ్ళు. ఒరాయన్ అనే వేటగాడు ఏళ్ళ తరబడి వెంటపడితే, జ్యూస్ దేవుడు వాళ్ళని గువ్వల్ని చేసి, తర్వాత చుక్కల్ని చేశాడు.
"మరి వాణ్ణి?"
"వాణ్ణీ చుక్కల్లోనే పెట్టారు. అదిగో, వెనకే."
బాగుంది తీర్పు. వాడి కాళ్ళు విరగ్గొట్టడం చేతకాక ఆ దేవుడు ఆడపిల్లల చేత ఇల్లు ఖాళీ చేయించాడు.

జనవరి 13
ఇక్కడ ఈ అరబ్బుల లాండ్రీలో మేమూ ఏడుగురమే. మా ఒరాయన్ సూపర్‌వైజర్ భాస్కర్. సరోజ కుట్టుమిషన్ వెనకే నిలబడతాడు. "అలిగితే ఇంకా బావుంటావు" అంటాడు. ఇవాళ చెయ్యి వేశాడు. పిల్ల వీసా కేన్సిల్ చేయించుకుని పోతానంటోంది... పోవాల్సింది ఇదా?

జనవరి 15
వాడి ప్యాంట్లూ మా దగ్గరే ఉతుకు. ఒకదానికి వెనక కుట్టు విప్పేశాను. పైపైన నాలుగు టాకాలు వేసి, గంజి దట్టంగా పట్టించి, కత్తిలా మడత పెట్టి పంపాను.

జనవరి 17
ముదీర్ అంటే మా మేనేజరు. ఆయన ఎదుట భాస్కర్ పెన్ను పడింది. వంగాడు. చర్రుమంది. లోపల పువ్వుల చెడ్డీ. హాయిగా అన్నం తిన్నాను.

జనవరి 18
మిషన్ సరోజది కాబట్టి నేరమూ సరోజదేనట. ఫుజైరా బ్రాంచికి మార్పిస్తాడట — దానికీ వాడే సూపర్‌వైజర్. నేను విప్పిన కుట్టు ఆ పిల్ల మెడకి చుట్టుకుంది.
డాబా మీద కళ్ళు చికిలించి లెక్కపెట్టాను. ఆరే ఉన్నాయి.
"ఒకామె కనబడదు పిన్నీ. మెరోపీ అని కొందరు, ఎలెక్ట్రా అని కొందరు. ఎవరన్నది తేలలేదు."
తేలలేదా... బాగుంది. మిగతా అయిదుగురినీ పైకి పిలిచాను.

జనవరి 19
"కిస్నే కియా?" అన్నాడు ముదీర్, ఎవరు చేశారని.
"మై కియా సార్" అన్నాను.
"మై కియా" — మంగ. ఆ వెనక మేరీ. వరసగా ఏడుగురం.
"వీళ్ళంతా నాటకం సార్" అన్నాడు భాస్కర్.
"ఎందుకు చేశామో కూడా అడగండి" అన్నాను. సరోజ చెప్పింది, తల ఎత్తి. ముదీర్ వాడికేసి చూసి "ఖలాస్" అన్నాడు. ఎవరి పని ఖలాసో చెప్పలేదు.

జనవరి 20
రేపు పొద్దున ఫుజైరా వ్యాను. ఒక సీటు ఖాళీగా ఉంచారట. ఎవరికో చెప్పరు. సరోజ పెట్టె సర్దలేదు. నేనూ సర్దలేదు.
వాడు ఇవాళ లాండ్రీలోకి రాలేదు. వాడి కొత్త ప్యాంటు మాత్రం ఉతుక్కి వచ్చింది. సూది నా దగ్గరే ఉంది.