మూడొందల పదకొండు మంది ప్రయాణికులు

రవాణా ప్రణాళికా కార్యాలయంలో ఉత్తరాలు విప్పి చదివే పెద్దలకి, నాలుగు రోడ్ల సెంటర్‌లో మూల షాపు టైలర్ నమస్కారాలతో రాసుకునేది.

అయ్యా, ముప్పై ఒక్క ఏళ్ల క్రితం ఈ సెంటర్‌కి వచ్చినప్పుడు ఇక్కడ నేనూ, ఒక సైకిల్ షాపూ, బోలెడంత దుమ్మూ ఉండేవాళ్లం. ఇప్పుడు రెండు స్కూళ్లు, ఒక ఆసుపత్రి, ఒక బ్యాంకు, ఎటు చూసినా అపార్టుమెంట్లు. సైకిల్ షాపు పోయింది. దుమ్ము మాత్రం ఎక్కడికీ పోలేదు. ఇన్ని వచ్చినా ఇక్కడ బస్సు ఆగదు.

నా బాధంతా మా ఆవిడ గురించి. ఆవిడ నా షాపులోనే పని చేస్తుంది. కాజాలు, గుండీలు, చేతి కుట్టు అన్నీ ఆవిడవే. కత్తెర నాది, పేరు నాది. రోజూ ఇంటి దగ్గర బస్సు ఎక్కుతుంది. ఆ బస్సు మా షాపు ముందు నుంచే పోతుంది, ఆవిడ కిటికీలోంచి నన్ను చూస్తుంది, నేను ఆవిడని చూస్తాను, బస్సు మాత్రం రెండు కిలోమీటర్లు పోయి గోడౌన్ల దగ్గర ఆగుతుంది. అక్కణ్ణుంచి వెనక్కి నడిచి రావాలి. మోకాళ్లు అరిగిపోయాయి, నడక మానమన్నాడు డాక్టరు. స్కూటర్ మీద తీసుకురమ్మని నాకు చెప్పాడు. నా స్కూటర్ ఆవిడ మోకాళ్ల కంటే ముందే అరిగింది.

కాబట్టి మా సెంటర్‌లో బస్సు ఒక్క నిమిషం ఆగేలా చూడగలరు. మాకు ఇంకేమీ వద్దు.

ఇట్లు,
మూల షాపు టైలర్

తా.క. ఈ ఉత్తరం రాయమని మా ఆవిడ చెప్పి ఆరేళ్లయింది. టైలర్ని కదా, కొంచెం ఆలస్యమైంది.

*

మూల షాపు టైలర్ గారికి, ప్రణాళికా విభాగం సెక్షన్ అధికారి తెలియజేయునది.

మీ ఉత్తరం అందింది. మీ సెంటర్ మా 'పెరుగుతున్న సెంటర్ల రవాణా మెరుగుదల' జాబితాలో ముప్పై ఏడోది. అయితే భార్యల మోకాళ్లను బట్టి బస్సు ఆపే అధికారం మాకు లేదు. ఒక గంటలో కనీసం అరవై మంది ఒకచోట నిలబడి ఎదురుచూస్తూ కనబడాలి. అప్పుడే అక్కడ అవసరం ఉందని మేము నమ్ముతాం.

వచ్చే గురువారం పది నుంచి పదకొండు వరకు మా లెక్కింపు ఉద్యోగి మీ షాపు ఎదురుగా ఉంటాడు. ఐదు నిమిషాలకు మించి నిలబడిన ప్రతి మనిషికీ ఒక గీత పెడతాడు. ఎందుకు నిలబడ్డారని ఎవరినీ అడగడు. ఆ గడి ఫారంలో లేదు.

భవదీయుడు,
సెక్షన్ అధికారి

తా.క. ఆయనకి ఎండ పడదు. మీ దగ్గర బల్ల ఉంటే కూర్చోనివ్వగలరు.

*

సెక్షన్ అధికారి గారికి, మూల షాపు టైలర్ సంతోషంతో రాసేది.

బల్ల తుడిచి పెట్టాను. అరవై మంది సంగతి నాకు వదిలెయ్యండి. ముప్పై ఒక్క ఏళ్లుగా జనాన్ని నిలబెట్టడమే నా పని.

మీ మేలు మరవని,
టైలర్

తా.క. గురువారం పదింటికి బట్టలు తప్పకుండా ఇచ్చేస్తానని ఈ వారం నేను చాలామందికి చెప్పినట్టు మీ చెవిన పడితే, అది ప్రజాహితం కోసమని గ్రహించాలి.

*

మిత్రులు టైలర్ గారికి, సెక్షన్ అధికారి అభినందనలతో.

మూడొందల పదకొండు! నా ఇరవై రెండేళ్ల సర్వీసులో ఇలాంటి లెక్క చూడలేదు. ఫారంలో గళ్లు చాలక మావాడు వెనక వైపు కూడా గీతలు పెట్టాడు. డైరెక్టరు గారు ఆ కాగితాన్ని మీటింగులో చేత్తో పట్టుకుని చూపించారు. నాకు కుర్చీ వేయించారు కూడా.

మావాడు వివరంగా రాసిన మాటలు ఇవి: 'జనం మాటిమాటికీ గడియారం చూసుకుంటున్నారు. ఒకాయన ఎల్లుండి పెళ్లి పెట్టుకుని నేనేం కావాలి అని తల పట్టుకున్నాడు. ఇద్దరు ఆడవాళ్లు కన్నీళ్లు పెట్టుకున్నారు. ఇంకెన్నాళ్లు, ఇంకెన్నాళ్లు అని అందరూ కలిసి అరిచారు. ప్రజలు బస్సు కోసం తీవ్రమైన ఆవేదనలో ఉన్నారు.' ఈ చివరి వాక్యం చదివి డైరెక్టరు గారు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు.

ఇంత అవసరం ఉన్నచోట బస్సు రోడ్డు మీద ఒక నిమిషం ఆగితే సరిపోదు. రోడ్డు పక్కకి జరిగి, నిలబడి, జనాన్ని ఎక్కించుకుని వెళ్లాలి. అందుకని మూల మీద స్థలం తీసుకుంటున్నాం. అక్కడున్న ఒక రేకుల కట్టడం తొలగింపులో పోతుంది. అది ఎవరిదో కనుక్కుని రాయగలరు.

భవదీయుడు,
సెక్షన్ అధికారి

తా.క. మీ బల్ల చాలా హాయిగా ఉందని మావాడు చెప్పమన్నాడు.

*

అధికారి గారికి, దణ్ణాలు పెడుతూ టైలర్ రాసేది.

ఆ రేకుల కట్టడం నాదే! మీ మనిషి కూర్చున్న బల్ల ఉందే, దాని వెనకాల ఉన్నదే అది. ఇక దాచి లాభం లేదు, నిజం చెప్పేస్తున్నాను. వాళ్లెవరూ ప్రయాణికులు కారు. నా దగ్గర బట్టలిచ్చినవాళ్లు, వాళ్లకి తోడు వచ్చినవాళ్లు, ఎప్పుడో ఇచ్చి ఆశ వదులుకుని నా కబురు విని మళ్లీ ఆశ పుట్టినవాళ్లు. అందరికీ ఒకే రోజు, ఒకే టైము చెప్పాను. అందులో తొమ్మిది మందివే సిద్ధంగా ఉన్నాయి. వాళ్లు ఎదురుచూసింది బస్సు కోసం కాదండీ, నా పీక కోసం.

కొరివితో తల గోక్కున్నాను. ఒప్పుకుంటున్నాను. దయచేసి ఆ లెక్క కొట్టేయండి. బస్సు కూడా వద్దు. షాపు ఒక్కటి ఉంచండి, అది పోతే మాకు ఇంకేమీ లేదు. నాకు యాభై తొమ్మిది, ఈ వయసులో ఇంకో పని రాదు.

మీ కాళ్లకి మొక్కుతూ,
టైలర్

తా.క. ఏడ్చిన ఇద్దరిలో ఒకావిడ మా ఆవిడే. నేను ఎంతమందికి గురువారం అని చెప్పానో ఆవిడకి ఆ గురువారమే తెలిసింది.

*

టైలర్ గారికి, సెక్షన్ అధికారి సమాధానం.

మీ ఉత్తరాన్ని అభ్యంతరంగా నమోదు చేశాం. మీ బాధ అర్థమైంది. కానీ వాళ్లు వేరే పని మీద నిలబడ్డారని మీరు అంటున్నారు. ఎందుకు అన్న గడి ఫారంలో లేదని ముందే రాశాను. లేని గడిని ఎలా దిద్దమంటారు? పైగా లెక్క డైరెక్టరు గారి దాకా వెళ్లింది. అది మళ్లీ కిందికి దిగాలంటే నేను దిగాలి.

ఒక దారి ఉంది. ప్రజాభిప్రాయ సభ పెడతాం. ఆ రోజు నిలబడినవాళ్లే వచ్చి, మాకు బస్సు అక్కర్లేదు అని చేతులెత్తితే ప్రణాళిక ఆగిపోతుంది. వచ్చే నెల మొదటి సోమవారం, స్కూలు హాల్లో. ఆ నోటీసు మీ షాపు గోడకే అంటిస్తాం, అక్కడైతే వాళ్లందరూ చూస్తారు.

భవదీయుడు,
సెక్షన్ అధికారి

తా.క. ఇది నా సొంత మాట. నేను కూడా మా వీధి టైలర్‌కి ఒక ప్యాంటు గుడ్డ ఇచ్చి పదకొండు నెలలైంది. ఆయన్నేమీ అనలేదు. ఊరికే చెబుతున్నాను.

*

అధికారి గారికి, టైలర్ కాస్త ధైర్యం తెచ్చుకుని రాసేది.

చేతులెత్తడమే కదా! వాళ్ల చేతులు నాకు తెలుసు, ఒక్కొక్కరి చెయ్యి పొడవు అంగుళాలతో సహా చెప్పగలను. వాళ్ల పెళ్లిళ్లకి కుట్టాను, వాళ్ల పిల్లల యూనిఫారాలు కుట్టాను. ముప్పై ఒక్క ఏళ్ల బంధం ఒక్క గురువారానికి తెగిపోతుందా?

మా ఆవిడ మాత్రం, 'ఇంకా మూడు వారాలుంది, నోరు మూసుకుని కూర్చుని కుట్టి ఇచ్చేద్దాం, బట్ట చేతిలో పడితే మనిషి మెత్తబడతాడు' అంది. ఆడవాళ్లకి రాజకీయం తెలియదు. బట్ట చేతిలో పడ్డాక మనతో వాళ్లకి పనేముంది? అందుకని ప్రతి ఇంటికీ నేనే వెళ్లి, సోమవారం వచ్చి నా తరఫున చెయ్యి ఎత్తితే మంగళవారం పొద్దున్నే బట్టలు ఇస్తానని మాటిచ్చి వచ్చాను. ఇలా తిరగడానికే రెండు వారాలు పట్టింది.

నమ్మకంతో,
టైలర్

తా.క. మా ఆవిడ నాలుగు రోజులుగా మాట్లాడటం లేదు. నోట్లో గుండుసూదులు పెట్టుకుందేమో అనుకున్నాను. కాదట.

*

టైలర్ గారికి, సెక్షన్ అధికారి రాయునది.

సభలో మీరు ముందు వరసలోనే ఉన్నారు. అయినా జరిగింది మీకు రాతపూర్వకంగా తెలియజేయాలని నిబంధన.

మూడొందల రెండు మంది బస్సు కావాలని చేతులెత్తారు. తొమ్మిది మంది వద్దన్నారు. వాళ్ల బట్టలు బాగా కుదిరాయని కూడా చెప్పారు, అది రికార్డులో రాశాం.

చేతులెత్తే ముందు ఒక పెద్దావిడ లేచి ఒక ప్రశ్న అడిగారు: 'ఆ షాపు తీసేస్తే లోపలున్న మా గుడ్డలు ఏమవుతాయి?' తొలగింపుకు పదిహేను రోజుల ముందు ఎవరి సొత్తు వాళ్లకి అప్పగించాలని నిబంధన ఉందని, మా మనిషి నిలబడి ఇప్పిస్తాడని నేను చెప్పాను. అప్పుడు హాల్లో చప్పట్లు మోగాయి. అంతసేపు చప్పట్లు నా సర్వీసులో వినలేదు. మీరు కూడా కొట్టారు, ఎందుకో నాకు తెలియలేదు.

మీకు వేరే చోటు చూపించే వీలు ఈ ప్రణాళికలో లేదు. చింతిస్తున్నాను. ఇది మాత్రం ఫారం చూసి రాయలేదు.

భవదీయుడు,
సెక్షన్ అధికారి

తా.క. సభ అయిపోయాక మీ ఆవిడ నా దగ్గరికి వచ్చారు. తిడతారేమో అనుకున్నాను. నా చొక్కాకి గుండీ వేలాడుతోందని చెప్పి, అక్కడికక్కడే కుట్టి వెళ్లిపోయారు. డబ్బు ఇవ్వబోతే తీసుకోలేదు.

*

సెక్షన్ అధికారి గారికి, ఒకప్పటి టైలర్ రాసేది.

ఏడు నెలలైంది. మీ మీద కోపంతో రాయడం లేదు. కోపం ఉంది, కానీ దానితో రాయడం లేదు. తప్పు నాదే. ముప్పై ఒక్క ఏళ్లు అబద్ధపు తేదీలు చెప్పి బతికాను, అందరూ తిట్టుకుంటూనే వచ్చారు. తిట్టేవాళ్లు మనవాళ్లే అనుకున్నాను.

మీ మనిషి దగ్గరుండి గుడ్డలన్నీ ఇప్పించాడు. సగం కుట్టినవి, కత్తిరించి వదిలేసినవి, చేతులు లేని చొక్కాలు అన్నీ పట్టుకుపోయారు. సెంటర్‌లో ఇంకో గది కోసం తిరిగాను. బస్సు ఆగే చోటు అయిందిగా, అద్దె మూడింతలు చెప్పారు. ఇప్పుడు రెడీమేడ్ దుకాణంలో ప్యాంట్ల కాళ్లు పొట్టి చేస్తున్నాను. అక్కడ గంటలో ఇవ్వాలి, ఇచ్చేస్తున్నాను కూడా. ఈ సంగతి మా ఆవిడకి చెప్పలేదు. మూడు దశాబ్దాలు ఆవిడ కోరింది అదొక్కటే.

మొన్న నా సెలవు రోజున ఆవిడ పొద్దున్నే తయారై, 'పదండి, మన బస్సు ఎక్కి చూద్దాం' అంది. ఎక్కాం. ఒక్కసారి కూడా ఎక్కడా నడవలేదు. మన సెంటర్ రాగానే కండక్టరు గట్టిగా అరిచాడు: 'టైలర్ షాపు! టైలర్ షాపు! దిగేవాళ్లు దిగండి!' ఆ స్టాపుకి మీ ఆఫీసు పెట్టిన పేరు అదేనట. బోర్డు మీద పెద్ద అక్షరాలతో రాసి ఉంది. షాపు ఉన్నన్నాళ్లూ నాకు బోర్డు లేదు.

మా ఆవిడ మోకాళ్లు పట్టుకోకుండా రెండు మెట్లు దిగింది. సరిగ్గా ఆవిడ కుర్చీ ఉండే చోటే బస్సు ఆగింది. కాసేపు ఆ బోర్డు చదివింది. 'ఎంత బాగా ఆగిందో చూశారా' అని, అప్పుడు ఏడ్చింది.

ఇట్లు,
ఇంకేమని సంతకం పెట్టాలో తెలియని మనిషి

తా.క. మేము తిరుగు బస్సు కోసం నిలబడి ఉండగా, సెంటర్‌లో కొత్తగా దిగినాయన ఒకరు చంకలో గుడ్డ పెట్టుకుని వచ్చి, ఇక్కడ టైలర్ షాపు ఎక్కడండీ అని అడిగాడు. మా ఆవిడ ఆ గుడ్డ విప్పి, మడత వేసి, ఆయన్ని పైనుంచి కిందికి చూసి, ఇది చాలదు, ఇంకో పావు మీటరు తీసుకురమ్మంది. అలాగే అని, ఎక్కడికి తీసుకురావాలమ్మా అన్నాడాయన. ఆవిడ నా వైపు చూసింది. మీ దగ్గర మ్యాపులు ఉంటాయి కదా అయ్యా, ఒకసారి చూసి, ఆయనకి ఎక్కడని చెప్పాలో రాయగలరు.