మూడంతస్తుల ఆయాసం

లిఫ్టు మెకానిక్ గారికి,

మూడో అంతస్తు టైపు టీచరు నమస్కరించి రాయునది. ఉద్యోగ విరమణ చేసినా నా వేళ్ళు ఊరుకోవు, అందుకే ఫోను మానేసి ఈ ఉత్తరం. సోమవారం నుంచి మా లిఫ్టు కదలడం లేదు. నా మోకాళ్ళ సంగతి అలా ఉంచండి, గొడవంతా మా మనవరాలితో. ఎనిమిదేళ్ళది. బిస్కెట్లు, సీసా జ్యూసులు, సోఫా, దాని లోకం ఇంతే. మొన్న డాక్టరు కళ్ళద్దాలు తీసి, "ఇలాగే ఉంటే పెద్దవాళ్ళ జబ్బులు బడి దాటకముందే వస్తాయండీ. మూడు నెలలు చూద్దాం. తిండి మార్చండి, ఒంటికి పని చెప్పండి" అన్నారు. అలాంటి పిల్ల మూడంతస్తులు ఎలా ఎక్కుతుంది? వెంటనే రండి.

ఇట్లు,
టీచరు

తా.క. నిన్న మెట్ల మీద పదకొండుసార్లు కూర్చుంది. కూర్చున్నప్పుడల్లా ఒక బిస్కెట్టు తింది, నాచేత ఒక కథ చెప్పించుకుంది.

టీచరమ్మగారికి నమస్కారాలు.

వచ్చాను, చూశాను. మీ లిఫ్టుకి జలుబు కూడా లేదు. మేడ మీది మోటారు గది దాకా ఎక్కి తీగలన్నీ చూసి బటన్ నొక్కితే గుర్రంలా బయల్దేరింది. మీరు బటన్ సరిగ్గా నొక్కి ఉండరు.

విధేయుడు,
మెకానిక్

తా.క. ఐదో అంతస్తువాళ్ళు ఖాళీ చేశారని ఎవరూ చెప్పలేదు. మంచినీళ్ళ కోసం తలుపు తట్టీ తట్టీ దిగొచ్చాను.

మెకానిక్‌కి,

("గారు" కావాలంటే లిఫ్టు నడపండి.) ముప్పై ఏళ్ళు టైపు మిషను మీటలు నొక్కిన వేళ్ళకి మీరు బటన్ నొక్కడం నేర్పుతారా? మీరు వెళ్ళిన మర్నాడే ఆగింది. మళ్ళీ వచ్చారు, నడిచింది. మర్నాడు మళ్ళీ ఆగింది. మీరు కావాలనే ఏదో వదులుగా బిగించి పోతున్నారని రెండో అంతస్తు వకీలు అంటున్నాడు. నాకూ అదే అనుమానం.

టీచరు

తా.క. పిల్ల నిన్న నాలుగుసార్లే కూర్చుంది. బిస్కెట్లు ఇంట్లో మర్చిపోయాను (కావాలనే). బదులుగా దారంతా నా చిన్ననాటి కథలే చెప్పాను.

ఘనత వహించిన ఫిర్యాదుదారుకి,

పదహారేళ్ళ సర్వీసులో నా మీద మచ్చ లేదు. తొమ్మిదిసార్లు వచ్చాను. తీగలు మార్చాను. నేనుండగా నడిచే లిఫ్టు నేను పోగానే ఆగుతుందంటే, దానికి నా మీద ప్రేమైనా ఉండాలి, మీకు నా మీద పగైనా ఉండాలి.

మెకానిక్

తా.క. కోపం వేరు, ఇది వేరు. పిల్ల ఇవాళ ఎన్నిసార్లు కూర్చుంది? మా ఆవిడ రోజూ అడుగుతోంది.

మెకానిక్ గారికి,

("గారు" మీ ఆవిడ కోసం.) తిడదామనే కూర్చున్నాను గానీ చేయి రావడం లేదు. ఇవాళ పిల్ల ఒక్కసారి కూడా కూర్చోలేదు. నాకంటే ముందే గుమ్మం చేరి, "అమ్మమ్మా, ఆకలేస్తోంది" అంది. ఆ మాట దాని నోట ఎన్నడూ వినలేదండీ. పొద్దస్తమానం ఏదో ఒకటి నములుతుంటే ఆకలికి చోటెక్కడ? ఉడికించిన చిక్కుడు గింజలు, రెండు రొట్టెలు, ఒక కీరదోసకాయ కరకరా తినేసింది. తర్వాత దాని ఛాతీ మీద చెవి పెట్టి విన్నాను. పిడికిలంత గుండె, తొణక్కుండా బెణక్కుండా కొట్టుకుంటోంది. ఆ చిన్న ఒంట్లో ఇంత సత్తువ ఇన్నాళ్ళూ ఎక్కడ దాక్కుందో! దణ్ణం పెట్టాలనిపించింది.

టీచరు

తా.క. అయినా లిఫ్టు లిఫ్టే. డాక్టరు చెప్పిన మూడు నెలలూ నిండాయి, బుధవారం ఆయన దగ్గరికి వెళ్ళాలి. ఆలోగా నడవకపోతే మీ పై అధికారికి రాస్తాను.

అమ్మా,

దొంగ దొరికింది. ఇవాళ పొద్దున్నే ఐదో అంతస్తులో గోడ పక్కన నక్కి కూర్చున్నాను. ఏడింటికి బూట్ల చప్పుడు. చూస్తే మీ మనవరాలు! లిఫ్టు గ్రిల్లు తలుపుని వేలెడు సందు వచ్చేలా జరిపింది. ఏ అంతస్తులో తలుపు అంత తెరిచి ఉన్నా మీ పాత లిఫ్టు కదలదు. నేనేమో మేడ మీదికి వెళ్తూ దారిలో ప్రతి తలుపూ లాగి వేసేవాణ్ణి, చేతి అలవాటు. జబ్బు నేనే నయం చేసి, ఆ తర్వాత జబ్బు కోసం వెతికానన్నమాట. మొదటిసారి మాత్రం తప్పు దానిది కాదు, ఖాళీ చేసినవాళ్ళు ఐదో అంతస్తు తలుపు తెరిచి పోయారు. ఆ రోజు, "అంకుల్, తలుపులెందుకు వేస్తున్నారు?" అని అది అడిగితే వివరంగా చెప్పిందీ నేనే.

"ఎందుకిలా చేశావమ్మా?" అన్నాను.

"లిఫ్టులో అమ్మమ్మ కళ్ళు మూసుకుని నిలబడుతుంది. మెట్ల మీదైతే కథలు చెబుతుంది."

మూడంతస్తులు ఎక్కలేని పిల్ల, మీ కథల కోసం రోజూ ఇంకో రెండంతస్తులు ఎక్కిందమ్మా! మొదట్లో ఎక్కి దిగేసరికి మీరు పేపరు చదివి ముగించేదాకా పట్టేదట. ఇవాళేమో ఆయాసపడుతున్నది నేను, అది కాదు.

మీ మెకానిక్

తా.క. మీ లిఫ్టు పుణ్యమా అని నా బెల్టు రెండు రంధ్రాలు లోపలికి జరిగింది.

నాయనా,

డాక్టరు పరీక్ష కాగితాలు రెండుసార్లు చదివారు. "ఏం మందు వాడారు?" అన్నారు. "మెట్లు" అన్నాను. ఇంకా దారి ఉందట, కానీ భయం తప్పిందట. గుమ్మం దాటాక ఏడ్చేశాను. లిఫ్టు నడిచినా సరే మనం మెట్లే ఎక్కుదాం, కథలు ఆగవు అని పిల్లకి మాటిచ్చాను. నీకు చేతులెత్తి క్షమాపణ.

నీ టీచరమ్మ

తా.క. ఇవాళ లిఫ్టు మళ్ళీ ఆగిందని వకీలు రాస్తాడు. రావద్దు. ఈ కాగితం మడిచేలోపే పిల్ల ఐదో అంతస్తుకి పరుగెత్తి తలుపు వేసొచ్చింది. ఆ పిల్ల అక్కడిదాకా ఎలా ఎక్కిందో చూద్దామని పొద్దున నేనే, ఈ మోకాళ్ళతోనే, పైదాకా వెళ్ళాను. తలుపు అది జరిపినట్టే జరిపి చూసి, వచ్చేటప్పుడు వేయడం మర్చిపోయాను. అప్పట్లో బిస్కెట్లు మర్చిపోయినట్టే.