నడిమి చూపు

ఇచ్చోడ,
12-8-1989

చెల్లెలాంటి తోడికోడలు కిష్టవ్వకు, నీ యారాలు సక్కుబాయి దీవించి రాస్తున్నది.

అక్షరాలు ఒకదాని మీద ఒకటి ఎక్కితే కూడబలుక్కొని చదువుకో. రాఖీ పున్నానికని తల్లిగారింటికి ముందే వచ్చానని అందరూ అనుకుంటున్నారు. నిజానికి నీ ముందు నిలబడలేక వచ్చాను.

పదిహేనేళ్లు మన మరమగ్గాల సాంచెల మీద నూలు చుట్టిన కొత్త బీము ఎక్కినప్పుడల్లా పాత పోగులకు కొత్త పోగులు అతికింది నేనే. ఏడాదిగా నేను పట్టుకోబోయిన పోగే కనిపించడం లేదు. చుట్టూ ఉన్నవన్నీ కనిపిస్తాయి, చూడదలచిందే మాయం. ఎవరికీ చెప్పలేదు. తప్పుడు ముడులు చూసి మీ బావ, "నువ్వు జర పక్కకు కూసో. కిష్టవ్వ అతుకుతది, దాని చెయ్యి సాఫ్ ఉన్నది" అన్నాడు. ఇన్నేళ్లలో నా చేతిని ఆయన ఒక్కసారీ మెచ్చుకోలేదు. నీ వేళ్లు చకచకా కదులుతుంటే ఓర్వలేకపోయాను. నీ కళ్లూ పోవాలని కోరుకున్నాను, చెల్లె.

మర్నాడు మీరంతా అన్నాలకు లేచినప్పుడు, నువ్వు అతికిన గుప్పెడు పోగులు కత్తెరతో కోసేశాను. మామ నిన్ను తిట్టాడు. నువ్వు పస్తున్నావు. నేను మాత్రం రెండు ముద్దలు ఎక్కువే తిన్నాను.

మొన్న తమ్ముడు అంబదాస్ ఆదిలాబాద్‌లో కంటి డాక్టరుకు చూపించాడు. "కంటి వెనక పొరల రోజూ ఇంత చెత్త తయారైతది. కణాలు దాన్ని అరిగించుకోవాలె. నీకు అరుగుతలేదు, పేరుకుంటున్నది. నడిమి చూపు పోతది, పక్కచూపు ఉంటది. మందు లేదమ్మా" అన్నాడాయన.

ఇక సాంచెల దగ్గర నా చోటు నీదే. నేను చేసిన పని అందరికీ చెప్పు.

నీ సక్కక్క


సిరిసిల్ల,
20-8-1989

అక్కకు కిష్టవ్వ దండాలు.

కత్తెర పడ్డ పోగుకూ, తెగిన పోగుకూ తేడా తెలియనిదాన్నా? ఆ రోజే తెలిసింది. నీ జుట్టు పట్టి లాగాలన్నంత కోపం వచ్చింది. నీ చోట్లో కూర్చున్నానన్న సిగ్గుతో తిట్లు నా మీదే వేసుకున్నాను.

ఉత్తరం బావకు చూపించలేదు. చేసింది నువ్వు, చెప్పుకోవలసిందీ నువ్వే. కంటి సంగతి మాత్రం చెప్పాను. సాంచె ఆపేసి, "పక్కకు కూసోమన్న గదనే దాన్ని" అంటూ తల పట్టుకున్నాడు. శుక్రవారం బస్టాండుకు తనే వస్తానన్నాడు. రా.

నాకూ ఒక మాట ఉంది. ఏడాదిగా నాతో మాట్లాడేటప్పుడల్లా నువ్వు మొహం పక్కకు తిప్పేదానివి. నన్ను చూడటం కూడా నీకు గిట్టదనుకొని ఎన్నిసార్లు ఏడ్చానో. ఉత్తరం మూడుసార్లు చదివాక అర్థమైంది అక్కా, నువ్వట్లా తిప్పింది నన్ను చూడటానికే.

నీ చెల్లె
కిష్టవ్వ